జారుడుబండ మీది ఎర్రగుర్తు

మంచు ఎలా ఉంటుందో నేను మొదటిసారి చూసింది నడి ఎండాకాలంలో, మా ఊరి గుట్ట కింద. నవ్వేవాళ్లు నవ్వండి, ఉన్న మాటే చెబుతున్నాను.

ఇంద్రేశం దాటి కాస్త లోపలికి వస్తే మా ఊరు. మా ఊరంటే అత్తగారి ఊరు, నేను సంగారెడ్డి అవతలి నుంచి వచ్చినదాన్ని. ఊరి గుట్టను ఆనుకొని కొన్నేళ్ల కిందట ఒక రిసార్ట్ వచ్చింది. ముందు ఈతకొలను తవ్వారు, తర్వాత గదులు కట్టారు, ఆ తర్వాత మంచు హాలు లేచింది. బయట ఎండకు కుక్కలు కార్ల కింద దూరి రొప్పుతుంటే, గోడకు అవతల మంచు. సిటీ నుంచి కుటుంబాలు కుటుంబాలే వచ్చి, మందపాటి కోట్లు తొడుక్కొని, ప్లాస్టిక్ తెప్పల మీద కూర్చొని ఆ మంచు మీద జారిపోతారు.

నా తోడికోడలు, అంటే మా మరిది భార్య, అక్కడే పని చేస్తుంది. వచ్చినవాళ్లకు కోట్లు, బూట్లు ఇచ్చి, మళ్లీ తీసుకొని ఆరబెట్టడం ఆమె పని. మొన్న వేసవిలో వాళ్ల మేనేజరు ఊరివాళ్లందరినీ ఒకరోజు ఊరికే వచ్చి చూసి పొమ్మన్నాడు. నేను సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాక్ చేసే కంపెనీలో పని చేస్తాను, ఏసీ చల్లదనం నాకేమీ కొత్త కాదు. అయినా ఆ హాలు తలుపు తెరవగానే నా ఊపిరి నా కళ్ల ముందే పొగలా వెళ్లింది. వంగి గుప్పెడు మంచు తీసుకున్నాను. చల్లగా ఉంటుందనుకున్నాను కానీ అది మండింది. నేను చూస్తుండగానే కరిగి, మోచేతి దాకా కారి, లేకుండా పోయింది. మనిషి ఇంత చేయగలడా అని అలాగే నిలబడిపోయాను. నిజం చెప్పొద్దూ, దండం పెట్టబుద్ధయింది.

మా అత్తమ్మ కూడా ఒక పిడికెడు తీసుకుంది. నోట్లో వేసుకొని చప్పరించింది.

“ఐసుగోలనే. రంగు పొయ్యలె, గంతే,” అంది.

మా అత్తమ్మ బతుకంతా నాట్లకు, కలుపులకు పోయిన మనిషి. ఇప్పుడు నాట్లు వేయడానికి పొలాలే మిగల్లేదు, అన్నీ ప్లాట్లయ్యాయి. ఆమెను దేనితోనూ బోల్తా కొట్టించలేరు.

హాలు ముందు ఒక బల్ల మీద మా గుట్ట బొమ్మ పెట్టారు. థర్మకోల్‌తో ఎంత అందంగా చేశారో, బండలు, పొదలు, చివరికి గుట్ట మీది రేగుచెట్టు కూడా ఉంది. పైనుంచి కింది దాకా తెల్లటి దారి ఒకటి, దాని పక్కనే తీగ మీద వేలాడే బుల్లి కుర్చీలు. అదే వాళ్ల కొత్త పని. గుట్ట ఒంటి మీద బ్రష్షులాంటి తెల్లటి చాప పరిచి, దాని మీద నీళ్లు చల్లుతుంటారట. కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకొని ఏడాది పొడుగునా జారొచ్చట. ఎక్కడో చలిదేశాల్లో చేసే పని మా గుట్ట మీదికి వస్తుందంటే, నాకు ఆశ్చర్యంతో ఒళ్లు జలదరించింది. దాచుకోవడం దేనికి.

అత్తమ్మ ఆ తెల్లదారి మీద వేలు పెట్టింది. “గిది ఏడికెల్లి వస్తదే?”

తోడికోడలు కాస్త తటపటాయించింది. “జారుడుబండ మీదికెల్లి అత్తమ్మా.”

అత్తమ్మ వేలు తీసేసుకుంది. 

జారుడుబండ సంగతి చెప్పాలి. గుట్టకు తూర్పు వైపు పెద్ద బండ ఒకటి, ఇంటి కప్పు కన్నా ఎత్తు నుంచి నేల దాకా వాలుగా దిగుతుంది. దాని నడుమ ఒక గాడి. ఆ గాడి ఎంత నున్నగా ఉంటుందంటే, వాన వెలిసిన పూట దూరం నుంచి చూస్తే నీళ్లు పారుతున్నాయనుకుంటారు. ఊరి పిల్లలందరూ అక్కడే జారుతారు. ఒకప్పుడు తాటికమ్మల మీద జారేవాళ్లు. తాటిచెట్లు పోయాక గోనెసంచుల మీద, ముత్తంగి గోదాముల నుంచి మా ఆయన డీసీఎం బండిలో తెచ్చే అట్టపెట్టెల మీద జారుతున్నారు.

దానికొక ఆనవాయితీ కూడా ఉంది. ఇంట్లో బిడ్డకు మాటలు వచ్చి, పరుగు వచ్చాక, మిరుగం, అంటే మృగశిర కార్తె వానలకు బండ చల్లబడ్డ మొదటి రోజుల్లో, ఇంట్లో అందరికన్నా పెద్ద ఆడమనిషి ఆ బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని జారాలి. కింద తల్లి కొంగు పట్టుకొని నిలబడాలి. అప్పటిగ్గానీ ఆ బిడ్డ ఊరి బిడ్డ కాదు. పెళ్లయిన కొత్తలో ఇది విని నేను ఫక్కున నవ్వాను. ముసలావిడలు బండ మీద జారడమేంటి, నడుములు విరగవా అన్నాను.  నా కూతురు ఆలస్యంగా పుట్టింది. ఆ వేసవికి దానికి మాటలు వచ్చాయి, పరుగు వచ్చింది. మిరుగం ఇంకా రావాలి. అత్తమ్మ గోనెసంచి ఒకటి ఉతికి, ఆరేసి, మడతపెట్టి సందూక పెట్టెలో దాచిపెట్టుకుంది.

బొమ్మ చూసి వచ్చిన వారంలోనే సర్వే మనుషులు వచ్చి జారుడుబండ నడిగాడి మీద ఎర్రరంగుతో పెద్ద గుర్తు వేసిపోయారు. చాప ఆ గుర్తు మీదుగానే వస్తుందట, కంచె కూడా అక్కడి నుంచేనట. ఇక ఊళ్లో ఇదే మాట. టీ హోటల్లో ఇదే, కంపెనీ బస్సులో ఇదే. పొలం అమ్ముకున్న పటేలు ఇంటి కుర్రవాళ్లు కిరాయిలు పెరుగుతాయన్నారు. మేకలవాళ్లు మేత పోతుందన్నారు. గుట్టకు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చి చల్లుతారని, మా బోర్లు ఎండిపోవా అని ఆడవాళ్లు అడిగారు. రోడ్డు పడుతుందని, లైట్లు వస్తాయని సర్పంచి చెప్పాడు.

మా ఇంట్లో అయితే పొయ్యి దగ్గరే పంచాయితీ. కొత్త జారుడు వస్తే తోడికోడలి నౌకరీ పర్మనెంట్ చేస్తామన్నారు. ఆమె ఒక సాయంత్రం రొట్టెలు కాలుస్తూ తెగించి అడిగింది.

“నేను గట్టిగ మాట్లాడుతున్ననని అనుకోకు అత్తమ్మా. గా బండ మనకు అన్నం పెడ్తదా?”

“పెట్టదు బిడ్డా,” అంది అత్తమ్మ, “కానీ లెవ్వమని అనదు.”

ఆ మాట మాకిద్దరికీ అప్పుడు అర్థం కాలేదు. తోడికోడలు మూతి ముడుచుకొని రొట్టె తిప్పింది. నేను మాత్రం ప్రజాభిప్రాయం అడిగే సభ పెడుతున్నారని తెలిసి, నేను మాట్లాడతానని అందరి ముందూ చెప్పేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు దానికన్నా ముందుంటుంది. వాడకట్టు ఆడవాళ్లంతా, “నువ్వే మాట్లాడాలె, నీకే నోరున్నది,” అని నన్ను ముందుకు తోశారు. కంపెనీలో సిరంజీలు సర్దుతూ సర్దుతూ ఏం మాట్లాడాలో మనసులోనే కంఠస్థం చేశాను.

సభ రోజు బడి ముందు షామియానా వేశారు. పై నుంచి ఒక అధికారి వస్తారు, అందరి మాటా వింటారు, రాసుకొని పోతారు. అధికారి కారు ఆలస్యమవుతుందని కబురు వచ్చింది. మేనేజరు మంచివాడు, ఆ మాట చెప్పకపోతే పాపం. ఎండలో జనం కూర్చున్నారు, ముందు భోజనాలు చేయండి అన్నాడు. బగారన్నం, కోడికూర. నేను డ్యూటీ దిగి నేరుగా వచ్చాను, కడుపు కాలుతోంది. తోడికోడలు ప్లేటు చేతిలో పెట్టింది. తిన్నాను. రెండోసారి కూడా పెట్టించుకొని తిన్నాను. బాగుంది మరి.

చేయి కడుక్కుంటుంటే పక్కన మేకల పెద్దాయన నెమ్మదిగా అన్నాడు. “తింటివా పిల్లా? నేను గూడ తిన్న. ఇగ ఏం మాట్లాడ్తం.”

అప్పుడు వెలిగింది నాకు. మా ఊళ్లో అదొక కట్టు. ఎవరి చేతి అన్నం తిన్నావో, మళ్లీ పొద్దు పొడిచేదాకా వాళ్లకు ఎదురు మాట్లాడకూడదు. కులపంచాయితీకి పోయే పెద్దమనుషులు అందుకే మంచినీళ్లు కూడా ఇంటి నుంచే సీసాలో తెచ్చుకుంటారు. మేనేజరుకు ఇదేమీ తెలియదు, అతనిది ఏ ఊరో. మనసారా పెట్టాడు, మేం మనసారా తిన్నాం. షామియానా చుట్టూ చూశాను. మేకలవాళ్లు తిన్నారు, బోరు నీళ్ల గురించి కొట్లాడిన ఆడవాళ్లు తిన్నారు, అందరి ముందు చిటికెలు వేసిన నేనూ తిన్నాను. ఊరంతా కడుపు నిండి, నోరు కట్టేసుకొని కూర్చుంది.

అధికారి వచ్చారు. పెద్దావిడ, ఓపికగా ఉంది. మేనేజరు బొమ్మ చూపించి అంతా వివరించాడు. ఆమె మైకు తీసుకొని, “ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి. భయపడకండి, ప్రతి మాటా రాసుకుంటాం,” అంది. ఒక్కరూ లేవలేదు.  ఆమె మళ్లీ అడిగింది. కంఠస్థం చేసిన మాటలన్నీ నా గొంతులోనే ఉన్నాయి. లేచి మాట్లాడితే నన్నేమైనా చేసేవాళ్లా? చేయరు. కానీ తిన్నింటి వాసాలు లెక్కపెట్టినదాన్నని నా పిల్ల పెళ్లి దాకా చెప్పుకుంటారు. సరే అయితే, ఎవరికీ ఏమీ లేదని రాసుకుంటున్నానని ఆమె కలం తీసింది.

“నేను తినలె మేడం,” అని వెనక నుంచి వినిపించింది.

మా అత్తమ్మ. నిజమే, పొద్దున కూడా ఏమీ ముట్టలేదు. ఒక్కపొద్దు అంది. ఆమె సోమవారాలు, శనివారాలు ఉంటుంది, అలవాటే కదా అని నేను హడావిడిలో పట్టించుకోలేదు. ఆరోజు బుధవారం. బుధవారం ఒక్కపొద్దు ఎవరుంటారు?

అధికారికి అర్థం కాలేదు. “భోజనం అందలేదా అమ్మా?”

“అందింది మేడం. నేనే ముట్టలె. పటేలు కాలంల నాట్లకు పోతే ముందుగాల అంబలి పోస్తుండ్రి, తాగినంక కూలి మాట ఎత్తుతుండ్రి. తాగినోళ్లు ఎదురడగకపోదురు. నేను అంబలి ముట్టకుంట నిలవడి కూలి మాట్లాడుతుంటి. ఇయ్యాల గూడ గంతే. మాట్లాడేది ఉన్నది.”

అధికారి కలం కింద పెట్టింది. “చెప్పండి.”

అత్తమ్మ నడుముకు కొంగు చుట్టి ముందుకు వచ్చింది. మైకు ఇవ్వబోతే వద్దంది. “గా బండ నున్నగ ఎట్లయిందో ఎర్కనా మేడం?”

“వానలకు, గాలికి అయి ఉంటుందమ్మా.”

“పక్క బండ మీద వాన పడదా మేడం? గది గరుకుగనే ఉన్నది సూడుండ్రి. గిది మా ముడ్లతోని నున్నగయింది.”

షామియానా కింద నవ్వు పుట్టింది. అత్తమ్మ ఆగలేదు, ఒక్కొక్కరినే వేలితో చూపించింది. “మా అత్త ముడ్డి. గీ పటేలు ముడ్డి. గా సర్పంచి సాబుది, ఆయన నాయినది. గా మేకలాయనది. ఊర్ల ఎవని బాయి వానిది, ఎవని గట్టు వానిది, మాకు గుంట జాగ లేకపాయె. గీ గాడి ఒక్కటి అందరిది. అందరం గీండ్లనే పోయినం.”

నవ్వు సన్నగిల్లింది. సర్పంచి తల దించుకొని కండువా సర్దుకుంటున్నాడు.

“నేను ఏడ కూసున్నా లెవ్వమన్నరు మేడం. అరుగు మీద కూసుంటె లెవ్వమన్నరు. గట్టు మీద కూసుంటె, లే, నాటుకు దిగు అన్నరు. గిప్పుడు ప్లాట్ల కాడ నీడకు కూసుంటె వాచ్‌మన్ లెవ్వమంటడు. గా బండ ఒక్కటే నన్నెన్నడు లెవ్వమనలె. నా మనుమరాలిని మిరుగానికి దాని మీద కూసోవెట్టాలె. గదే నా మాట.”

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పదేళ్లకు పైగా ఒకే పొయ్యి దగ్గర వండుకొని తిన్నాం. ఈ మనిషి లోపల ఇంత ఉందని నాకు తెలియలేదు. మంచు చూసినప్పుడు దండం పెట్టబుద్ధయిందన్నాను కదా, ఇక్కడ ఆమెకు పెట్టబుద్ధయింది.

మేనేజరు లేచాడు. అతని గొంతు మెత్తబడింది. “అమ్మా, మీ ఊరి పిల్లలకు టికెట్ ఉండదు. ఎప్పుడైనా ఉత్తగనే పంపిస్తాం. నేను రాసిస్తాను.”

“నీ మనసు మంచిది బిడ్డా. కానీ ఉత్తగ పో అని చెప్పాల్నంటె, గాడ ఒక గేటుండాలె గదా.”

అతను కూర్చున్నాడు. అధికారి అంతా రాసుకుంది, అత్తమ్మ చేత వేలిముద్ర వేయించుకుంది. ఇంకెవరైనా ఉన్నారా అని మళ్లీ చూసింది. ఎవరూ లేవలేదు. ఒక్కరి అభ్యంతరం నమోదైందని, నిర్ణయం పై నుంచి వస్తుందని, వానల తర్వాత మళ్లీ కొలతలు ఉంటాయని చెప్పి వెళ్లిపోయింది. తెల్లారితే మేమందరం నోరు తెరవొచ్చు. కానీ తెల్లారేసరికి అక్కడ షామియానా లేదు, వినేవాళ్లు లేరు.  నా మీద నాకే మంట. మేకల పెద్దాయన మా ఇంటి ముందు నుంచి పోతూ తల ఎత్తేవాడు కాదు.

మిరుగం వచ్చింది. రాత్రి కురిసిన వానకు బండ చల్లబడింది. పొద్దున అత్తమ్మ సందూకలోంచి గోనెసంచి తీసి, పిల్లకు తలంటి, నన్ను రమ్మంది. నేను కింద కొంగు పట్టుకొని నిలబడ్డాను. పైన ఆమె మనుమరాలిని ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. పిల్ల మొదట ఏడుపు మొహం పెట్టింది. అత్తమ్మ దాని చెవిలో ఏదో అంది. అంతే, వచ్చేశారు. గాడి వాళ్లను పట్టుకొని తెస్తున్నట్టే ఉంది, అటు ఇటు ఒక్క బెత్తెడు కదల్లేదు. నడుమ ఆ ఎర్రగుర్తు మీది నుంచి సర్రున దాటి నా కొంగులోకి వచ్చి పడ్డారు. పిల్ల నవ్వుతోంది. అత్తమ్మ ముఖం చూశాను. ఆ ముఖంలో ముసలితనం లేదు.

లేచాక గోనెసంచి తిప్పి చూస్తే దాని మీద ఎర్రరంగు అంటుకుంది. నున్నటి బండ కదా, రంగు లోపలికి పట్టలేదు.

అత్తమ్మ ఆ మరక చూసి, సంచి మడిచి చంకన పెట్టుకుంది. మా వెనకాల గుట్టకు మేకలు తోలుకుపోతున్న పెద్దాయన కూడా చూశాడు. ఆ సాయంత్రం ఆయన ఒక గోనెసంచి చంకన పెట్టుకొని వచ్చాడు. మోకాళ్ల నొప్పులతో ఆపసోపాలు పడుతూ పైకి ఎక్కి, కూర్చొని జారాడు. దులుపుకొని పోయాడు.

మర్నాడు ఆయన ఇంట్లోవాళ్లు వచ్చారు. ఆ తర్వాత బోరు నీళ్ల ఆడవాళ్లు, చీరలు దోపుకొని, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ. “పైలం అక్కా, నీ బరువుకు బండ పలుగుతది,” అంటే, “పలిగితే రిసార్టోళ్లకు పీడ పోతది,” అని జవాబు. కంపెనీ బస్సు దిగినవాళ్లు టిఫిన్ డబ్బాలు కింద పెట్టి ఎక్కేవాళ్లు. ఎవరూ ఎవరినీ రమ్మని పిలవలేదు, ఇది ఎందుకో ఎవరూ పైకి అనలేదు. సభలో అన్నం తిని కూర్చున్న మనుషులే అందరూ. నోటితో చెప్పలేకపోయింది బండకు చెబుతున్నారు. ఒక సాయంత్రం పటేలు వచ్చాడు. తెల్లపంచె. అత్తమ్మ తన గోనెసంచి ఆయన ముందు పరిచింది. ఆయన ఒక్కక్షణం దాన్ని, ఆమెను చూసి, దాని మీదే కూర్చున్నాడు.

నేనూ జారాను. ఈ ఊరి బిడ్డను కాదు, నన్నెవరూ చిన్నప్పుడు ఒళ్లో పెట్టుకొని జారలేదు. పైన కూర్చోగానే కింద ప్లాట్లు, అవతల రింగురోడ్డు మీది లారీలు, కంపెనీల పొగ గొట్టాలు అన్నీ కనిపించాయి. అరచేయి గాడిలో పెట్టాను. ఎన్ని వందల మంది ఇలా పోతే ఒక రాయి ఇంత మెత్తబడుతుంది?  ఆ మంచు హాలు మనుషులు కట్టిందే, కాదనను, గొప్పదే. ఇదీ మనుషులు కట్టిందే.

ఆఖరున వచ్చింది నా తోడికోడలు. రిసార్టు పేరున్న టీషర్టు కూడా విప్పలేదు. నేను పక్కకు జరిగి, “మరి నీ నౌకరీ?” అన్నాను.

“నౌకరీ పొద్దుగాల అక్కా. గిప్పుడు డ్యూటీ అయిపోయింది,” అని ఎక్కింది. ఆమెకు ఆ పర్మనెంటు ఎంత కావాలో నాకు తెలుసు. చివరి వరకూ కళ్లు మూసుకొనే జారింది.

పై నుంచి కబురు ఇప్పటికీ రాలేదు. వానలు తగ్గుముఖం పట్టాక కొలతల అబ్బాయి ఒక్కడే మూడుకాళ్ల స్టాండు మోసుకుంటూ వచ్చాడు. అత్తమ్మ, నేను, పిల్ల బండ మీదే ఉన్నాం. అతను గాడి పొడుగునా కిందికి, మీదికి తిరిగాడు. ఫోన్లో ఫోటో తీసి చూసుకున్నాడు, మళ్లీ తిరిగాడు.

“అమ్మా, ఈడ ఎర్రరంగు గుర్తు పెట్టి పోయినం. ఎవరు తుడిచిండ్రు?”

“ఎవ్వలు తుడవలె బిడ్డా,” అంది అత్తమ్మ. “అరిగింది.”

అతను నమ్మలేదు. స్టాండు పక్కన పెట్టి, వంగి అరచేత్తో తడిమాడు. తడిమి తడిమి, అక్కడే గాడిలో కూలబడ్డాడు. ఎండన పడి వచ్చినట్టున్నాడు, చొక్కా తడిసిపోయింది. అత్తమ్మ తన నీళ్ల సీసా అతని వైపు జరిపింది. అతను తాగి, ఊరి వైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. లేవమని ఎవరూ అనలేదు.